కార్న్‌ఫ్లేక్స్ రుచి చూడటానికి లోన్ యాప్ ఎందుకు?

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కూకట్‌పల్లిలో ముగ్గురం కలిసి రూమ్‌లో ఉంటున్నాం. అద్దె నాన్నగారు నేరుగా కట్టేస్తారు, ఖర్చులకు ప్రతి నెలా 7వ తేదీన రూ. 9,000 పంపిస్తారు. కార్న్‌ఫ్లేక్స్, మ్యూస్లీ, ఓట్స్ రుచి చూసి, ఏది బాగుందో పోల్చి ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెడుతుంటాను. మూడు నెలల్లో 17 ప్యాకెట్లు కొన్నాను, రూ. 5,480 అయింది. సగానికి పైగా తినలేక పడేశాం. అన్నీ పే లేటర్‌లోనే (ఇప్పుడు కొని తర్వాత కట్టే పద్ధతి) కొన్నాను. ఆ బిల్లు 5వ తేదీకి కట్టాలి. మూడుసార్లు ఆలస్యమై, ప్రతిసారీ రూ. 295 ఫీజు పడింది. పోయిన నెల బిల్లు కట్టడానికి ఒక యాప్‌లో రూ. 5,000 అప్పు తీసుకుంటే చేతికి రూ. 4,410 వచ్చింది. 30 రోజుల గడువు వచ్చే వారంతో ముగుస్తుంది, రూ. 5,150 కట్టాలి. పే లేటర్‌లో ఇంకా రూ. 3,860 బాకీ ఉంది. నెలకు రూ. 1,000 చొప్పున మ్యూచువల్ ఫండ్‌లో సిప్ (నెలనెలా వేసే పెట్టుబడి) కడుతున్నాను, అందులో రూ. 11,400 ఉన్నాయి. ఇప్పుడు మంచి కెమెరా ఫోన్, లైట్లు కొనుక్కోమని అదే యాప్ రూ. 15,000 ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? సిప్ ఆపాలా?

జవాబు: తీసుకోవద్దు. సిప్ ఆపండి. ఈ రెండు ముక్కలతో మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది. కానీ మీరు చేసిన పొరపాటు మీ వయసు వాళ్లే కాదు, ఉద్యోగాలు చేసుకునే వాళ్లూ చేస్తున్నారు. అందుకే వివరంగా రాయాల్సి వస్తోంది.

మీ ఉత్తరంలో రెండు తేదీలు చూడండి. బిల్లు 5న, డబ్బు 7న. ఈ రెండు రోజుల సందు దాటడానికి మీ దగ్గర నాలుగు వేలు లేవు. లేవు కాబట్టి మూడుసార్లు ఆలస్య రుసుము, మొత్తం రూ. 885. మీరు కొన్న మామూలు కార్న్‌ఫ్లేక్స్ ధరలో అది రెండు కిలోలకు పైగా సరుకు. లేవు కాబట్టే లోన్ యాప్ దగ్గరికి వెళ్లారు. అలా వెళ్లిన రోజున మీ పేరు మీద మ్యూచువల్ ఫండ్‌లో పదివేలకు పైగా ఉన్నాయి! పెట్టుబడి ఉంది, చేతిలో మాత్రం పైసా లేదు. అత్యవసర నిధి లేకుండా సిప్ మొదలుపెట్టిన చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. మీ సిప్ ఎంత పెరిగినా, ఆ యాప్ తీసుకున్నంత వేగంగా పెరగదు.

ఆ యాప్ ఎంత తీసుకుందో లెక్క చూడండి. చేతికి వచ్చింది రూ. 4,410, తిరిగి ఇవ్వాల్సింది రూ. 5,150. నెల రోజుల వాడకానికి రూ. 740. అంటే నెలకు 16.8 శాతం, ఏడాదికి వేసుకుంటే 200 శాతం దాటుతుంది. ‘వడ్డీ నెలకు 3 శాతమే’ అని తెర మీద పెద్ద అక్షరాలతో కనిపించి ఉంటుంది. అది రూ. 150. మిగిలిన రూ. 590 ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ. అప్పు ఇచ్చే ముందు మొత్తం ఖర్చును వార్షిక శాతంగా చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ పేజీ తెరవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే వాళ్ల మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. ఇప్పుడు రూ. 15,000 ఇస్తానంటోందంటే మీ మీద నమ్మకం కుదిరి కాదు, మీరు మళ్లీ వస్తారని తెలిసి. అప్పు చేసి పప్పుకూడు అంటారు. ఇక్కడ పప్పు కూడా లేదు, పాలల్లో మెత్తబడిన మొక్కజొన్న రేకులు!

ఇక చేయాల్సిన పని. ఈ రోజే ఫండ్ మొత్తం వెనక్కి తీసుకోండి. డబ్బు ఖాతాలోకి రావడానికి రెండు మూడు పని దినాలు పడుతుంది, వచ్చే వారం గడువుకు అందాలంటే శనివారం దాకా ఆగకూడదు. ఏడాది నిండలేదు కాబట్టి ఎగ్జిట్ లోడ్ (ముందే వెనక్కి తీసుకుంటే ఫండ్ కోసే రుసుము) 1 శాతం పడినా రూ. 114. మిగిలే రూ. 11,286లో యాప్‌కు రూ. 5,150, పే లేటర్‌కు రూ. 3,860 కట్టేయండి. చేతిలో రూ. 2,276 ఉంటుంది. యాప్ నుంచి అప్పు తీరినట్టు నో డ్యూస్ లెటర్ తీసుకుని దాచుకోండి, ఫోన్‌లో దానికిచ్చిన అనుమతులన్నీ తీసేయండి, తర్వాతే యాప్ తొలగించండి. పే లేటర్ ఖాతాను ఖాళీగా ఉంచడం కాదు, మూసేయమని కస్టమర్ కేర్‌కు రాసి పెట్టండి. రెండు నెలలు పోయాక మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు ఒకసారి ఉచితంగా తెప్పించుకుని, రెండు ఖాతాలూ ‘క్లోజ్డ్’ అని ఉన్నాయో లేదో చూసుకోండి. రేపు ఎమ్మెస్ కోసమో ఎంటెక్ కోసమో విద్యారుణానికి వెళ్తే బ్యాంకు ఈ రిపోర్టే తెరుస్తుంది.

ఆ రూ. 2,276 మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక. దాన్ని యూపీఐకి జోడించని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. పోస్టాఫీసు ఖాతా అయినా సరే. ఫోన్ తీసి స్కాన్ చేస్తే ఖర్చయ్యే చోట ఉన్నది నిధి కాదు. లక్ష్యం రూ. 10,000, అంటే మీ ఒక నెల ఖర్చు, పైన ఊరికి రానుపోను చార్జీలు. వైరల్ జ్వరం వస్తే రక్త పరీక్షలు, మందులు, ఫోన్ స్క్రీన్ పగలడం, ఉన్నట్టుండి ఇంటికి వెళ్లాల్సి రావడం, నాన్నగారు పంపే డబ్బు పది రోజులు ఆలస్యం కావడం, ఈ నాలుగింటికే ఆ ఖాతా తెరవాలి. కొత్త ఫ్లేవర్ మ్యూస్లీ మార్కెట్లోకి రావడం అత్యవసరం కిందికి రాదు. వాడిన డబ్బును రెండు నెలల్లో తిరిగి నింపాలి.

ఎలా నింపాలంటే, సిప్ ఆపితే నెలకు రూ. 1,000 మిగులుతుంది. ప్యాకెట్ల మీద మీరు నెలకు సుమారు రూ. 1,830 పెడుతున్నారు. అందులో రూ. 900 తగ్గించండి. నెలకు రూ. 1,900 చొప్పున నాలుగు నెలలకు రూ. 9,876 అవుతుంది. పదివేలు అనుకోండి.

వీడియోలు మానేయమనడం లేదు. మీ ఖర్చు పెరిగింది పోలిక తప్పుగా చేస్తున్నందువల్ల. 17 ప్యాకెట్లలో సగం పారేశారంటే కొనే ముందు లెక్క లేదని అర్థం. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకు ఎంతో యూనిట్ ధర అచ్చు వేస్తారు. కిలో లోపు ప్యాకెట్లకు గ్రాము ధర, పైబడితే కిలో ధర. అట్టపెట్టె సైజు చూడకండి, ఈ అంకె చూడండి. మీరు పంపిన బిల్లుల ప్రకారం మామూలు కార్న్‌ఫ్లేక్స్ గ్రాము 40 పైసలు, పండ్లూ గింజలూ ఉన్న మ్యూస్లీ 75 పైసలు, కిలో ఓట్స్ ప్యాకెట్ 20 పైసలు. ప్యాకెట్ మీద ‘ఒక సర్వింగ్ 30 గ్రాములు’ అని ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి 30 గ్రాములు ఏ మూలకు? 60 గ్రాముల లెక్కన కార్న్‌ఫ్లేక్స్ గిన్నె రూ. 24, మ్యూస్లీ గిన్నె రూ. 45. ఓట్స్ ఉడికితే ఉబ్బుతాయి కాబట్టి 40 గ్రాములు చాలు, రూ. 8. పాల ఖర్చు దేనికైనా ఒకటే. మాటవరసకి, కిలో రూ. 70 ఉన్న అటుకులు 60 గ్రాములు పాలల్లో వేసుకుంటే నాలుగు రూపాయల పైచిలుకు. మన ఇళ్లలో బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ అన్న మాట రాకముందు నుంచీ ఉన్న సీరియల్ అదే. మీ పోలికలో దానికి చోటివ్వకపోవడం విచిత్రంగా ఉంది.

మ్యూస్లీ మీద మోజు తగ్గకపోతే ఇంట్లో కలుపుకోండి. అరకిలో కార్న్‌ఫ్లేక్స్ రూ. 200, వేయించిన పల్లీలు 100 గ్రాములు రూ. 16, ఎండుద్రాక్ష 100 గ్రాములు రూ. 40. మొత్తం 700 గ్రాములు రూ. 256, గ్రాముకు 37 పైసలు, కొన్న దాంట్లో సగం. ఎండుద్రాక్షను మాత్రం డబ్బాలో కలిపి పెట్టకండి. దాని తేమ రేకులకు పట్టి రెండు రోజుల్లో కరకర పోతుంది. తినేటప్పుడే వేసుకోవాలి.

పరీక్షకు ఒక పూటకు నాలుగు రకాలు మించొద్దు, ఐదోదానికి నాలుక ఏదీ చెప్పదు. రూమ్మేట్ ఒకరు ఒకేలాంటి గిన్నెల్లో పోసి, అడుగున అంకెలు రాసి ఇవ్వాలి. మీకు బ్రాండ్ తెలియకూడదు. గిన్నె కొలత పనికిరాదు. ఒకే గిన్నెలో కార్న్‌ఫ్లేక్స్ కన్నా మ్యూస్లీ చాలా ఎక్కువ బరువు తూగుతుంది కాబట్టి కాటాతో తలా 30 గ్రాములు తూయండి. పాలు తలా 120 మిల్లీలీటర్లు, అన్నీ ఒకే గిన్నెలో కాచి చల్లార్చినవి. ముందు పొడిగా ఒక చెంచా, పాలు పోసిన నిమిషానికి ఒకటి, నాలుగో నిమిషానికి ఒకటి. తేడాలు బయటపడేది ఆ మూడో చెంచాలోనే. మధ్యలో నీళ్లు పుక్కిలించాలి. చాక్లెట్ రకం చివరికి పెట్టాలి, ముందు తింటే తర్వాతివన్నీ చప్పగా అనిపిస్తాయి. పళ్లు తోముకున్న వెంటనే మొదలుపెడితే పేస్ట్ రుచే గెలుస్తుంది, అరగంట ఆగండి. నెల కిందట తెరిచిన ప్యాకెట్‌ను ఈ రోజు తెరిచిన దానితో పోల్చకూడదు. వానాకాలంలో గాలికే రేకులు మెత్తబడతాయి. మెత్తబడ్డ వాటిని పారేయకుండా అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, పూర్తిగా చల్లారాక మూత బిగిసే డబ్బాలో పోయండి. వేడిగా మూత పెడితే ఆవిరి పట్టి మళ్లీ మొదటికొస్తుంది.

రుచికి మార్కులు వేశాక, మళ్లీ ఎన్ని గంటలకు ఆకలేసిందో కూడా రాసుకోండి. తొమ్మిదింటికి తిని పదిన్నరకు క్యాంటీన్‌లో సమోసా కొంటే, ఆ గిన్నె ధరకు సమోసా ధర కలపాలి. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు. చక్కెర రెండో స్థానంలో ఉండి, ఆ కిందే లిక్విడ్ గ్లూకోజ్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, తేనె విడివిడిగా కనిపిస్తే అన్నీ కలిపి చూడండి. ఇలాంటి వివరం చెప్పే వీడియోకు రూ. 15,000 ఫోన్ అక్కర్లేదు. పొద్దుటి పూట కిటికీ పక్కన స్టీలు గిన్నె, ఉన్న ఫోన్ చాలు.

పరీక్ష సరుకు చిన్న ప్యాకెట్లలో, ముగ్గురూ చందా వేసుకుని కొనండి. చిన్నవాటికి గ్రాము ధర ఎక్కువే, అయినా పారేసే అరప్యాకెట్ కన్నా చవక. గెలిచిన ఒక్కదాన్నే పెద్ద ప్యాకెట్ తెచ్చుకోండి. పది నిమిషాల డెలివరీ యాప్‌లో ఉచిత డెలివరీ కోసం బుట్ట నింపే అలవాటు ఉంటే, వారానికి ఒకసారి నడిచి వెళ్లి సూపర్ మార్కెట్‌లో కొనండి. ఏదైనా కంపెనీ డబ్బో ఉచిత ప్యాకెట్లో ఇస్తే వీడియోలో ఆ మాట చెప్పాలి.

ఆరోగ్య బీమా గురించి మీరు అడగలేదు. నాన్నగారి ఫ్యామిలీ ఫ్లోటర్‌లో (కుటుంబమంతటికీ కలిపి ఉండే పాలసీ) మీ పేరుందో, ఎన్నేళ్ల వయసు దాకా ఉంటుందో ఈ ఆదివారం ఫోన్ చేసి కనుక్కోండి. అదే ఫోన్‌లో అప్పు సంగతీ చెప్పేయండి. డబ్బు 7కు బదులు 3న పంపగలరేమో అడగండి. రికవరీ వాళ్లెవరైనా బెదిరిస్తే డబ్బు పంపకుండా స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. పదివేలు నిండిన నెలలో సిప్ మళ్లీ రూ. 500తో మొదలుపెట్టొచ్చు, డెబిట్ తేదీ 10 పెట్టుకోండి.