దొమ్మ రోగం, మాంసం కథ, మైనం దిమ్మల్లో మిగిలిన సాక్ష్యం

మీరు అడిగింది ఇది: మిలిటరీ వాళ్ల మాట కాదని, ప్రభుత్వం కప్పిపెట్టిన నిజాన్ని సైంటిస్టులు బయటపెట్టిన సందర్భం నిజంగా ఉందా, ఉద్యోగం చేసుకునే మామూలు మనిషికి అది సాధ్యమేనా అని. మొదటి ప్రశ్నకు చరిత్రలో జవాబు ఉంది. రెండోదానికి నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెప్తాను. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా పనిచేశాను. రెండు కథల్లోనూ జబ్బు ఒకటే, ఆంత్రాక్స్. మన రైతులు దొమ్మ అంటారు.

1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరంలో జనం ఉన్నట్టుండి జ్వరం, ఆయాసంతో ఆసుపత్రులకు వచ్చి, కొద్ది రోజుల్లోనే చనిపోవడం మొదలైంది. ఉరల్ పర్వతాల దగ్గర ఉన్న ఆ ఊరి పేరు ఇప్పుడు యెకాతెరిన్‌బర్గ్. కనీసం 66 మంది పోయారు. దొమ్మ సోకిన పశువుల మాంసం తినడం వల్లే ఇదంతా అని ప్రభుత్వం చెప్పింది. అసలు సంగతి వేరు. ఆ ఊళ్లో 19వ కాంపౌండ్ అని ఒక మిలిటరీ స్థావరం ఉండేది. అక్కడ ఆంత్రాక్స్ బీజాలతో, అంటే ఏళ్ల తరబడి చావకుండా పడి ఉండే క్రిమి రూపంతో, ఆయుధం తయారుచేసేవాళ్లు. ఆ పొడి కాస్త గాల్లోకి పోయింది. ఫిల్టర్ తీసినవాళ్లు తిరిగి బిగించకుండానే యంత్రం నడిపారని, సోవియట్ జీవాయుధాల కార్యక్రమంలో పెద్ద హోదాలో పనిచేసి 1992లో అమెరికా వెళ్లిపోయిన కెన్ అలిబెక్ తరవాత చెప్పాడు. జీవాయుధాలు తయారుచేయబోమని సోవియట్ యూనియన్ సంతకం పెట్టిన ఒప్పందం 1975లోనే అమల్లోకి వచ్చింది. ఆ పొడి సంగతి ఒప్పుకుంటే ఒప్పందం మీరిన సంగతి కూడా ఒప్పుకోవాలి. మాంసం కథ అందుకే పుట్టింది.

ఈ వార్త 1980లో పేపర్లలో వచ్చినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. అమెరికా వాళ్లు జీవాయుధం అంటున్నారు, రష్యా వాళ్లు మాంసం అంటున్నారు. మా గదిలో అందరం మాంసం మాటే నమ్మాం. ఎందుకు నమ్మం? చచ్చిన గొర్రెను కోసి వాటాలు వేసుకోవడం మా ఊళ్లలో కళ్లారా చూసినవాళ్లమే. కోసినవాడి చేతికి నల్లటి పుండు లేవడం కూడా చూశాం. మేమే కాదు, హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ లాంటి మనిషికే చాలా ఏళ్లు ఆ వివరణ నమ్మదగినదిగా అనిపించింది. ఆ అబద్ధం అల్లినవాళ్లకు ఈ జబ్బు సంగతి బాగా తెలుసు.

దాన్ని పడగొట్టిన మనిషి ఫైనా అబ్రమోవా. అప్పటికే రిటైరైన పెథాలజిస్టు, అంటే శవాలను, కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టరు. పోస్ట్‌మార్టం చేయడానికి పిలిస్తే ఆసుపత్రికి వెళ్లింది. పుర్రె తెరిచి చూస్తే మెదడు మీద ఎర్రటి టోపీ తొడిగినట్టు నెత్తురు పరుచుకుని ఉంది. ఆంత్రాక్స్ మెదడు పొరలకు పాకితే అలా ఉంటుందని పుస్తకంలో చదివే డాక్టర్లు ఎందరో ఉంటారు, కళ్లతో చూసినవాళ్లు బహు తక్కువ. ఆమె చూడగానే పోల్చుకుంది. ఆమె, ఆమె కన్నా చిన్నవాడైన పెథాలజిస్టు లెవ్ గ్రిన్‌బర్గ్ కలిసి పనిచేశారు. మొత్తం 42 మంది శవాల నుంచి తీసిన సాక్ష్యం వాళ్ల దగ్గర మిగిలింది.

ఇక్కడ కొంచెం శరీరం సంగతి చెప్పాలి, ఎందుకంటే నిజం అక్కడే ఉంది. దొమ్మ మాంసం తింటే జబ్బు మొదలయ్యేది పేగుల్లో, పేగులకు దగ్గరి లింఫ్ గడ్డల్లో. బీజాలు పీలిస్తే మొదలయ్యేది ఊపిరితిత్తుల మధ్య, ఛాతీ లోపలి లింఫ్ గడ్డల్లో. అవి నెత్తురుతో నిండి, నల్లబడి, చుట్టూ ఉన్న కండ కూడా రక్తమయం అవుతుంది. ఆ 42 మందిలో 42 మందికీ ఛాతీ గడ్డలు అలాగే ఉన్నాయి. చాలామందికి పేగుల్లో కూడా రక్తస్రావం కనిపించింది, కానీ అది రక్తంలో కొట్టుకొచ్చిన జబ్బు. పైపైన చూసేవాడికి "చూడండి, పేగులు పాడయ్యాయి, మాంసమే" అని చూపించొచ్చు. ఏది ముందు, ఏది తరవాత అని తెలియాలంటే ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసినవాళ్లు ఉండాలి. ఆ ముక్కలు కూడా మిగిలి ఉండాలి.

సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ వాళ్లు వచ్చి ఆసుపత్రి రికార్డులు పట్టుకుపోయారు. అబ్రమోవా, గ్రిన్‌బర్గ్ మాత్రం కణజాలం ముక్కలు, స్లైడ్లు, తమ నోట్సు దాచుకున్నారు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఆ పని చేయడం అంటే ఏమిటో ఆలోచించండి. ఉపన్యాసం లేదు, పత్రికకు ఉత్తరం లేదు. తమ మాట వినేవాళ్లు ఎప్పటికైనా వస్తారో రారో తెలియకుండా, పదమూడేళ్లు ఆ ముక్కలను కాపాడుకున్నారు. పెథాలజీ తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఫార్మలిన్‌లో ఉంచి, మైనం దిమ్మలో పొదిగిన ముక్క దశాబ్దాలు నిలుస్తుంది. ఆ ముక్కల్లోంచి 1998లో అమెరికా శాస్త్రవేత్తలు ఆంత్రాక్స్ డీఎన్ఏ తీశారు. 2016లో ఆ క్రిమి మొత్తం జన్యుక్రమమే చదివారు. జన్యువుల్లో మనుషులు చెయ్యి పెట్టిన జాడ దొరకలేదని కూడా అందులోనే తేలింది.

1992 మే నెలలో రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్సిన్, దీనికి మిలిటరీ పనులే కారణమని ఒక పత్రికతో ఒప్పుకున్నాడు. 1979లో ఆ ప్రాంతానికి పార్టీ పెద్ద ఆయనే. ఆ జూన్‌లో మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లింది. తాను ఒకప్పుడు నమ్మినదాన్ని తానే వెళ్లి పరీక్షించుకున్న ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. అబ్రమోవా, గ్రిన్‌బర్గ్ తమ స్లైడ్లు వాళ్ల ముందు పెట్టారు. 42 కేసుల వివరాలు 1993లో అచ్చయ్యాయి. బృందంలోని జీన్ గిల్లెమిన్ ఇంటింటికీ తిరిగి, పోయినవాళ్లు ఆ వారం పగటిపూట ఎక్కడ ఉన్నారో అడిగి రాసుకుంది. అవన్నీ మ్యాపు మీద గుర్తుపెడితే, మిలిటరీ స్థావరం నుంచి నగరం దక్షిణపు అంచు దాకా సుమారు 4 కిలోమీటర్ల సన్నటి గీత వచ్చింది. అదే గీతను పొడిగిస్తే 50 కిలోమీటర్ల దాకా గొర్రెలు, పశువులు చచ్చిన పల్లెలు. వాతావరణ రికార్డులు చూస్తే 1979 ఏప్రిల్ 2న గాలి సరిగ్గా ఆ దిక్కుకే వీచింది.

మన ఊరికి తెచ్చి చూడండి. అలిపిరి దగ్గర చిటికెడు పొడి లేచిందనుకుంటే, అక్కడి నుంచి రైల్వేస్టేషన్ దాకా ఒకే వరసలో ఉన్నవాళ్లు పడిపోయి, పక్క వీధివాళ్లకు ఏమీ కాకపోవడం. అదే వరసలో యాభై కిలోమీటర్ల దాకా పశువులు చచ్చిపోవడం. మాంసం అమ్మేవాడు గాలి వాటం చూసి అమ్మడు కదా! ఆ మ్యాపు మొదటిసారి చూసినప్పుడు హాస్టల్లో నేను వాదించిన మాటలు గుర్తొచ్చి, నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఎదురుగా నిలబడి చెప్పినవాళ్లూ ఉన్నారు. 2003లో బీజింగ్‌లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం కేసులు 12, చావులు 3 అని చైనా ఆరోగ్యమంత్రి చెప్తే, మిలిటరీ ఆసుపత్రి సర్జన్ జియాంగ్ యాన్‌యోంగ్ ఒక్క ఆసుపత్రిలోనే 60 మంది రోగులు, 7 చావులు ఉన్నాయని టీవీ ఛానెళ్లకు రాశాడు. ఆ నెలలోనే మంత్రి పదవి ఊడింది. జియాంగ్‌ను మరుసటి ఏడు వేరే ఉత్తరం విషయంలో వారాల తరబడి నిర్బంధించారు.

ఇక నా సంగతి. 1988 జూన్, తొలి వానలు పడి పది రోజులైంది. పలమనేరు వైపు ఒక పల్లెలో ఒక మందలో రాత్రికి రాత్రి పదకొండు గొర్రెలు చచ్చాయని కబురొచ్చింది. వెళ్లి చూస్తే ముక్కుల్లోంచి, వెనకనుంచి నల్లటి నెత్తురు. గడ్డకట్టలేదు. కళేబరాలు బిగుసుకోలేదు. ఎండకు నెర్రెలిచ్చిన నేల మీద వాన పడితే ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న దొమ్మ బీజాలు పైకి వస్తాయి, లేత గడ్డితో పాటు నోట్లోకి పోతాయి. కోయొద్దని అరిచాను, ఎందుకంటే కోస్తే గాలి తగిలి బీజాలు పుడతాయి. చెవి కొస నుంచి రెండు స్లైడ్లు తీశాను. ఆఫీసులో మిథిలీన్ బ్లూ రంగు వేసి చూస్తే, గొలుసులా నీలం కడ్డీలు, చుట్టూ గులాబీ రంగు పొర. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

పై అధికారి స్లైడ్ చూడలేదు. "చిటుక రోగం అని రాసెయ్యవయ్యా. దొమ్మ అంటే సంత ఆపాలి, పైనుంచి ఫోన్లు, నీకూ టెన్షన్ నాకూ టెన్షన్" అన్నాడు. చిటుక అంటే గొర్రెల పేగుల్లో విషం పుట్టే జబ్బు. తొలి వానలకు గొర్రెలు దాంతో కూడా పిట్టల్లా రాలుతాయి. ఎవరూ అనుమానించరు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. చిటుక అనే రాశాను. ఒక స్లైడ్ పంపించాను. రెండోది చెక్కపెట్టెలో పెట్టుకుని, ఆ రాత్రి డైరీలో తేదీ, వేళ, చూసింది చూసినట్టు రాసుకున్నాను. ధైర్యంతో కాదు, నిద్ర పట్టక.

నాలుగో రోజు మంద యజమాని వచ్చాడు. నేను వెళ్లకముందే ఒకదాని తోలు ఒలిచాడట. ముంజేతి మీద బొగ్గులాంటి నల్ల పుండు, చెయ్యంతా వాపు. "నొప్పి లేదు సామీ, అందుకే రాలేదు" అన్నాడు. ఆ నల్ల పుండుకు నొప్పి ఉండదు. అదే దాని గుర్తు. మా ఇద్దరి మధ్య బల్ల మీద నేను రాసిన రిజిస్టరు ఉంది, అందులో చిటుక రోగం అని ఉంది. చిటుక మనుషులకు అంటదు. ఆయన చేతికి ఆ కాగితం ప్రకారం ఏ జబ్బూ లేనట్టే.

"పద పెద్దాయనా" అని బస్సెక్కించి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి కుర్ర డాక్టరు మొదట మామూలు సెగగడ్డ అనుకున్నాడు. నా స్లైడ్, డైరీ చూపించాను. వాళ్ల మైక్రోస్కోపులో పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా పెన్సిలిన్ మొదలుపెట్టించాడు. ఆ సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రెండో రిపోర్టు రాశాను. మొదటిది తప్పని, ఎందుకు తప్పో, స్లైడ్ ఎక్కడుందో రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒక కాపీ కాలేజీ పెథాలజీ డిపార్టుమెంటుకు ఇచ్చాను. మూడు నెలల్లో ట్రాన్స్‌ఫర్ వచ్చింది. పై అధికారి ఆ తరవాత నాతో మాట్లాడలేదు. అంతకు మించి నాకేమీ జరగలేదు. అబ్రమోవాకు ఎదురుగా ఉన్నది కేజీబీ. దానికీ దీనికీ పోలికే లేదు.

మీరు ఇలాంటి చోట ఉద్యోగం చేస్తూ ఉంటే, ముందు శాంపిల్ పారేయకండి. చూసింది చూసిన రోజే తేదీ వేసి రాయండి, ఒక కాపీ ఆఫీసు బయట ఉంచండి. నోరు విప్పే బలం ఆ రోజు లేకపోవచ్చు, నాకూ లేదు. ప్రమాదకరమైన క్రిమి అయితే మాత్రం నాలాగా ఇంట్లో పెట్టుకోకుండా ల్యాబుకు అప్పజెప్పండి.

రిజిస్టరులో దొమ్మ అని ఎక్కిన ఊరికి ఏటా వానలకు ముందు దొమ్మ టీకా వెళ్తుంది. చిటుక అని ఎక్కితే చిటుక టీకా వెళ్తుంది, గొర్రెలు మళ్లీ చస్తాయి, మళ్లీ ఎవరో తోలు ఒలుస్తారు. మరుసటి మే నెలలో ఆ ఊళ్లో టీకాల క్యాంపు పెడితే పక్క మండలం నుంచి నేనూ సాయం వెళ్లాను. ఆ పెద్దాయన ఒక్కో గొర్రెను పట్టి నా ముందుకు తోశాడు. ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. సాయంత్రం దాకా మూడు వందలకు పైగా గొర్రెలకు వేశాం.