దాచమని ఇచ్చిన పోస్టర్లు తిరిగి వస్తాయా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. 2017లో ఇల్లు మారుతూ ఒక లిథోగ్రాఫ్‌నూ (రాతి అచ్చు చిత్రం), చిత్రకారుడు షగాల్ ప్రదర్శనల పోస్టర్లు మూడింటినీ విజయవాడలోని స్నేహితుడి ఇంట్లో దాచాను. ఎప్పుడడిగినా ‘చూద్దాంలే’ అనేవాడు. 2024 జూన్‌లో ‘అవి నాకిచ్చేశావుగా’ అని మెసేజ్ పెట్టాడు. ముప్పై ఏళ్ల స్నేహం సార్, నిద్ర పట్టడం లేదు. గిఫ్ట్ డీడ్ లేదు కాబట్టి అతని మాట చెల్లదు కదా? గడువు దాటిందని ఒకరు, పాత తేదీతో స్టాంపు పేపరు మీద రసీదు పుట్టిద్దామని ఒకరు అంటున్నారు.

జవాబు: స్నేహం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. కోర్టుకు కావలసింది ఒక్కటే: అవి అతని చేతికి దాచడానికి వెళ్లాయా, కానుకగా వెళ్లాయా? డీడ్ లేదన్న ధీమా వద్దు. చరాస్తిని కానుకగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికిస్తే చాలు. అయితే కానుక అన్నవాడే దాన్ని రుజువు చేసుకోవాలి. అక్కడ మీకు పనికొచ్చేది 2021లో అతను పెట్టిన వాట్సాప్ మెసేజ్: ‘గోడ చెమ్మెక్కింది, నీ పోస్టర్లు బీరువాలోకి మార్చాను, ఎప్పుడు పట్టుకెళ్తావ్?’ మూడు పేజీల మీ ఉత్తరంలో అసలు సరుకు ఇదే. అలాంటి మెసేజ్ ఉన్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తానంటారేమిటండీ! స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారుచేయొచ్చని అవతలి లాయరు అంటాడు. ఫోన్ అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో ఆ చాట్ దాఖలు చేయాలి.

గడువు దాటలేదు. దాచమని ఇచ్చిన వస్తువుకు లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్లు. అడిగాక ఇవ్వనన్న రోజు నుంచి లెక్క. ‘చూద్దాంలే’ అంటే వాయిదా, అంతే. జూన్ మెసేజ్ మాత్రం నిరాకరణే. 2027 జూన్ లోపు దావా పడాలి, నోటీసులు ఇచ్చుకుంటూ కూర్చుంటే కాలం ఆగదు.

రసీదు ఆలోచన ఇప్పుడే మానండి. స్టాంపు పేపరు ఏ రోజు అమ్మారో దాని వెనకే ఉంటుంది, వెండరు రిజిస్టరులోనూ ఉంటుంది. గెలిచే కేసును చేజేతులా ఫోర్జరీ కేసుగా మార్చుకుంటారు.

నాకు బెంగగా ఉన్నది ఆనవాళ్ల విషయం. తాకట్టు పెట్టే గొలుసుకైనా తూకం రాయించుకుంటాం, మీరు ఒక్క ఫొటో తీసుకోలేదు! లిథోగ్రాఫ్ అంటే ఒకే రాతి మీద నుంచి ఎన్నో ప్రతులు వస్తాయి. మీ దాని అంచున పెన్సిల్‌తో 34/75 అని, అంటే డెబ్బై అయిదు ప్రతుల్లో ముప్పై నాలుగోదని, ఉంది కాబట్టి అది తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. పోస్టర్లకు నంబరు లేదు. కింద వాటిని అచ్చేసిన పారిస్ మూర్లో ప్రెస్ పేరున్నా అది ప్రతి కాపీ మీదా ఉంటుంది. చిరిగిన మూల, మడత, టేపు మరక గుర్తున్నంత వరకూ రాయండి. ఫ్రేము కట్టినవాడి బిల్లు, పాత ఇంట్లో దిగిన ఫొటోల్లో వెనక గోడ వెతకండి.

ఈ వివరాలతో రిజిస్టర్డ్ నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు చూసి విజయవాడ సివిల్ కోర్టులో వస్తువులు, లేదంటే వాటి విలువ ఇప్పించమని దావా వేయండి. అమ్మకుండా ఇంజంక్షన్, ఇంట్లో ఉన్నవాటిని ఫొటోలతో నమోదు చేయడానికి అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించే లాయరు), ఈ రెండు పిటిషన్లూ దావాతోపాటే పడాలి. విలువ ఉన్నంతే చూపండి, ఆ అంకె మీదే కోర్టు ఫీజు కట్టాలి.