మొదటిసారి లోపలి పరీక్ష: భయం వద్దు

ప్రశ్న: నా వయసు 27. పెళ్లయి ఏడాదైంది. తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉన్నాయి. లోపలి పరీక్ష అంటే భయం. బాగా నొప్పి పుడుతుందా?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: ఈ భయంతోనే చాలామంది నెలలు గడిపేస్తారమ్మా, మీరు ఆలస్యం చేయకండి. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే.

వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడవమంటారు. స్పెక్యులమ్ అనే రెండు రేకుల పరికరాన్ని మూసి ఉంచే యోనిలోకి పంపి, మెల్లగా తెరిచి గర్భాశయ ముఖద్వారాన్ని చూస్తారు. అవసరమైతే స్రావం నమూనా తీస్తారు. తర్వాత గ్లౌజు వేసుకున్న రెండు వేళ్లు లోపల, రెండో చేయి పొత్తికడుపు మీద పెట్టి గర్భాశయం, అండాశయాలు తడిమి చూస్తారు. ముఖద్వారం కదిపినప్పుడు కలుక్కుమంటే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి. ఇన్ఫెక్షన్ పైకి పాకిందనడానికి అది ఆనవాలు కావచ్చు.

మామూలుగా నొప్పి పెరిగేది కండరాలు బిగుసుకోవడం వల్ల. నడుము ఎత్తకుండా బల్లకి ఆనించి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదలండి. చిన్న సైజు స్పెక్యులమ్ వాడమని అడగవచ్చు. మీరు ‘ఆపండి’ అంటే ఆపాల్సిందే. పెద్దాసుపత్రి ఓపీలో రద్దీ ఎంతున్నా తెర వేయమనండి. మగ డాక్టరైతే పక్కన మరో స్త్రీ ఉండటం మీ హక్కు.

పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కలయిక, లోపల కడగడం, మందులు పెట్టుకోవడం వద్దు. చివరి నెలసరి తేదీ రాసుకెళ్లండి. పరీక్షకు ముందు మూత్రానికి వెళ్లాలి. పొట్ట మీద స్కానింగ్‌కి మాత్రం మూత్రాశయం నిండుగా ఉండాలి కాబట్టి, రెండూ ఒకేరోజు ఉంటే స్కానింగే ముందు చేయించుకోండి.