పాత బండి బాగు చేయించాలా, మార్చేయాలా: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

మెకానిక్ రాసిచ్చిన లిస్టు ఫోటో చూశాను. క్లచ్ సెట్టు, ముందు లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాల్ని బండికి పట్టి ఉంచే చేతులు), షాక్ అబ్జార్బర్లు, రేడియేటర్, ఏసీ కంప్రెసర్, మజూరీతో కలిపి 46,000. దాని కింద నువ్వు పెట్టిన ప్రశ్న కూడా చూశాను, "2012 బండికి ఇంత పెట్టడం అవసరమా మావయ్యా, ఆయనేమో ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకుందాం అంటున్నారు" అని. ఫోన్‌లో చెబితే సగం గాలికిపోతుంది, అంచేత రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చూపించు, ఆయన మాటలోనూ న్యాయం ఉంది, అది కింద చెబుతాను.

ముందు లెక్క సంగతి. బండి అమ్మితే లక్షా ఇరవై వేలు వస్తుంది, రిపేరుకే 46,000 అవుతోంది, అంటే బండి ధరలో మూడోవంతు పైనే పోతోంది కాబట్టి దండగ అని షోరూమ్ వాళ్లు చెప్పారన్నావు. బండి అమ్మేవాడికి ఆ లెక్క సరిపోతుంది. నడుపుకునేదానివి నువ్వు, అమ్మకపోతే దాని అమ్మకం ధరతో నీకేం పని? నువ్వు చూసుకోవాల్సింది ఈ బండిని ఇంకో రెండుమూడేళ్లు నడపడానికి ఏడాదికి ఎంత పడుతుంది, కొత్తదానికి ఏడాదికి ఎంత పడుతుంది అనేదే. ఐదు లక్షలు లోను, తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్లు వేసుకో, నెలకి దాదాపు 10,400 కిస్తీ వస్తుంది, ఏడాదికి లక్షా పాతిక వేల దగ్గర తేలుతుంది. ముందు కట్టే డబ్బు వేరు, కొత్త బండి కాబట్టి ఫుల్ ఇన్సూరెన్స్ వేరు. ఐదేళ్ల తర్వాత బండి నీకు మిగులుతుంది, కాదనను, కానీ ఈలోపు వడ్డీ కిందే లక్షా ఇరవై వేలు పైన బ్యాంకుకి వెళ్లిపోతుంది. ఇప్పుడు ఆ 46,000 పక్కన పెట్టి చూడు. మీరు కట్టబోయే కిస్తీల్లో ఐదు నెలలది కూడా కాదు.

అలాగని కళ్లు మూసుకుని రిపేరు చేయించేయమని చెప్పడం లేదు. లిస్టులో ఉన్నవన్నీ ఒకటే జాతి కాదు. క్లచ్, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు అరిగిపోయేవే, ఏ బండికైనా అరుగుతాయి, రేపు కొనబోయే కొత్తదానికీ అరుగుతాయి. రోజూ పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి రాజోలు వెళ్లొస్తావు, మధ్యలో కాలవగట్టు రోడ్డు మీద గతుకులు నువ్వు చూస్తూనే ఉన్నావు. అవి మార్పిస్తే మళ్లీ కొన్నేళ్లు వాటి జోలికి వెళ్లక్కర్లేదు. వాటిమీద పెట్టే డబ్బుకి నాకు బాధ లేదు.

ఏసీ కంప్రెసర్ దగ్గర మాత్రం నాకు అనుమానం. మన సముద్రపు గాలికి ముందు పోయేది ఏసీ గ్యాస్‌ని చల్లార్చే కండెన్సర్. బంపర్ వెనకాల, రేడియేటర్‌కి ముందు, జాలీలాగా ఉంటుంది చూడు, దాని రేకులు చేత్తో రాస్తే బూడిదలా రాలిపోతున్నాయంటే ఉప్పు తినేసినట్టే. అక్కడ సన్నటి చిల్లు పడి గ్యాస్ పోతుంది, గ్యాస్ లేకపోతే కంప్రెసర్ పట్టదు, కంప్రెసర్ పోయిందని చెప్పేస్తారు. నైట్రోజన్ ఎక్కించి లీక్ టెస్ట్ చేశారా అని అడుగు. చేయలేదంటే చేయించు, చేసేటప్పుడు పక్కనే నిలబడు. లీకు కండెన్సర్‌లోనో పైపు జాయింట్‌లోనో దొరికిందంటే ఆ లిస్టులో పెద్ద అంకె ఒకటి బాగా దిగుతుంది. రేడియేటర్ కూడా అంతే, కారుతోందా, పూడుకుపోయిందా, ఊరికే పాతదని రాశాడా కనుక్కో.

ఇక అసలు విషయానికొస్తాను. డిపో గ్యారేజీలో నా సర్వీసంతా చూసిందీ, రిటైరయ్యాక చుట్టుపక్కల వాళ్ల కార్లు చూస్తున్నప్పుడు గమనించిందీ ఒకటే: మన డెల్టాలో బండిని చంపేది ఇంజిన్ కాదు, తుప్పు. ఇంజిన్ చెడితే విప్పి బాగుచేస్తాం, గేర్‌బాక్స్ చెడితే ఇంకోటి పెడతాం, కింద ఫ్లోరునీ, చాసిస్ మెంబర్లనీ (బండి బరువు మోసే అడుగు దూలాల్ని) తుప్పు తినేస్తే మాత్రం చేయగలిగిందేమీ ఉండదు. గుమ్మానికి చెద పట్టినట్టు, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల డొల్ల. నర్సాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు తిరిగే బండ్లు చూడు, సముద్రపు తుంపర ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. భీమవరం వైపైతే చేపల లారీల్లోంచి కారే నీళ్లు రోడ్డంతా. అదే వయసు బండి హైదరాబాద్‌లో తిరిగిందైతే కింద కొత్తదానిలా కనిపిస్తుంది. అంచేత ఇంటర్నెట్‌లో ఎవరో ఎన్ని లక్షల కిలోమీటర్లు తిప్పామని చెప్పినా అది మనకి కొలత కాదు.

ఎలా చూడాలో చెబుతాను, నువ్వే చూడగలవు. బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించమను. పైకి లేచాక ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకుని, మొన కాకుండా పిడివైపు తిప్పి తట్టుకుంటూ వెళ్లు. ముందు డోర్ల కింద పొడవునా పోయే గట్టు ఉంటుంది, జాకీ పెట్టేది అక్కడే, ఆ జాకీ పాయింట్ల దగ్గర మొదలుపెట్టు. గట్టి రేకైతే ఠంగుమంటుంది. మెత్తగా, డబ్‌మని వచ్చిందంటే లోపల పొరలు లేచిపోయాయి. అలాంటి చోట మొనతో కొంచెం గట్టిగా నొక్కు, దిగబడితే అయిపోయినట్టే. తర్వాత లోయర్ ఆర్మ్‌లు బిగించిన క్రాస్ మెంబర్ (అడ్డ దూలం), వెనక యాక్సిల్ పట్టుకునే బ్రాకెట్లు, షాక్ అబ్జార్బర్ పైకొస వచ్చి కూర్చునే చోటు, బ్రేక్ పైపులు. నల్లటి కోటింగ్ కొత్తగా కొట్టి ఉంటే మురిసిపోకు, దాని కింద ఏముందో గీకి చూడాలి. లోపలికొచ్చాక కాళ్ల దగ్గర మ్యాట్ తీసి, దాని కింద కార్పెట్ అంచు లేపి చెయ్యి పెట్టు. చెమ్మగా ఉండి ముక్కవాసన వస్తే నీళ్లు ఎక్కణ్ణుంచో దిగుతున్నాయి, ఫ్లోరు పైనుంచి కూడా తుప్పు పడుతోందన్నమాట. వాన వెలిసిన మర్నాడు చూస్తే బాగా తెలుస్తుంది.

డోర్ అంచున, వీల్ ఆర్చ్ మీద పైపైన బుడగల్లా లేచిన తుప్పుకి కంగారుపడకు, టింకరింగ్ వాడు కోసి రేకు అతికి పెయింట్ వేస్తాడు. జాకీ పాయింట్లు, క్రాస్ మెంబర్, సస్పెన్షన్ బిగింపులు పోతే మాత్రం ఒక్క రూపాయి పెట్టొద్దు. కొత్త షాక్ అబ్జార్బర్ తీసుకెళ్లి కుళ్లిన రేకుకి బిగిస్తే దాన్ని నమ్మి ఆ వంతెన మీద పిల్లల్ని ఎక్కించుకుని ఎలా వెళ్తావు? వెల్డింగ్ చేసి ఇస్తామనేవాళ్లుంటారు. బరువు మోసే చోట తుప్పు మీద వేసిన వెల్డింగ్ నిలవదు.

ఇంజిన్ సంగతి క్లుప్తంగా. నీ బండిలో టైమింగ్ చైనే, బెల్టు కాదు, కాబట్టి లక్ష కిలోమీటర్లకి బెల్టు మార్చాలని ఎవరైనా బిల్లు వేస్తే ఒప్పుకోకు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెనక నీలంపొగ వస్తోందేమో చూడు, వస్తే ఆయిల్ తాగుతోంది. కూలెంట్ ట్యాంకు మట్టం వారంవారం దిగిపోతోందంటే, బయట ఎక్కడా కారడం లేదంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కిందభాగానికీ మధ్య ఉండే సీలు) వైపు చూడాలి. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి తరక కాస్త కనిపించినా భయపడకు, దగ్గర దూరాలు తిరిగే బండ్లలో చెమ్మకి అలా పడుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించు, మూడు సిలిండర్లలోనూ రీడింగ్ దగ్గరదగ్గరగా ఉండాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, నీ బండి దానికోసం తయారైంది కాదు, కాబట్టి పెట్రోలు రబ్బరు పైపులు ఒకసారి వంచి చూడమను, పగుళ్లుంటే మార్పించేయి, అది పెద్ద ఖర్చు కాదు, వాయిదా వేసే పనీ కాదు.

ఇప్పుడు అల్లుడుగారి మాట. ఆయన సేఫ్టీ అన్నారన్నావు, అది కొట్టిపారేసేది కాదు. మీ బండిలో ఎయిర్‌బ్యాగుల్లేవు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచి, పక్కసీటుకి 2021లో. ఎంత రిపేరు చేయించినా ఇవి రావు. హైవేల మీద లారీల మధ్య, రాత్రిళ్లు, పిల్లలతో కాకినాడకో విజయవాడకో తరచూ వెళ్లేపనైతే నేను కూడా మార్చమనే అంటాను, తుప్పు లేకపోయినా సరే. నీ తిరుగుడు స్కూలుకీ, మీ అమ్మ దగ్గరికీ, ఆదివారం భీమవరానికీ అయితే ఇంకొన్నాళ్లు పర్లేదు. హైదరాబాద్‌కి మాత్రం ఈ బండిలో వెళ్లకండి, పాలకొల్లులో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిద్రపోండి.

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కు కింద లాక్కుపోతారంటున్నారని టెన్షన్ పడ్డావు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు అని కోర్టుల్లో నలిగిన గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర 2027లో నీ ఆర్‌సీ గడువు అయిపోతుంది, అప్పుడు ఆర్టీవో ఆఫీసులో బండి చూపించి ఫిట్‌గా ఉందంటే మరో ఐదేళ్లు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు కారుకి 600 నుంచి 5,000 చేశారు. తుప్పు పరీక్షలో బండి నెగ్గితే నా సలహా ఇదీ: క్లచ్, సస్పెన్షన్, లీకు దొరికిన చోట ఏసీ, ఇవి చేయించి 2027 దాకా నడుపు. ఆ ఫీజు కట్టాల్సిన టైమొచ్చినప్పుడు మళ్లీ లిఫ్ట్ ఎక్కించి చూద్దాం. ఈలోపు కిస్తీ కట్టాల్సొచ్చేదనుకుని నెలకి ఎనిమిది వేలో తొమ్మిది వేలో ఆర్‌డీలో వేసుకో. అప్పుడు మార్చినా లోను బాగా తగ్గుతుంది.

మార్చాల్సే వస్తే రెండుమూడు జాగ్రత్తలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి అంతకుముందు రేట్లు మనసులో పెట్టుకుని బేరం ఆడకు. షోరూమ్‌లో పాతబండికి ఇచ్చే ధర, కొత్తదాని మీద ఇచ్చే డిస్కౌంటు రెండూ విడివిడిగా కాగితం మీద రాయించుకో. రెండూ కలిపి ఎక్స్‌ఛేంజ్ బోనస్ అని ఒక్క అంకె చెబితే నీ బండికి ఎంత కట్టారో ఎప్పటికీ తెలీదు. తుక్కుకే ఇవ్వాల్సొస్తే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకో, కేంద్రం రూలు ప్రకారం కొత్త బండి రోడ్డు ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీకి అది పనికొస్తుంది. బయటివాళ్లకి అమ్మితే ఆర్‌సీ వాళ్ల పేరుకి మారేదాకా వెంటపడు. సంతకాలు పెట్టేశాం, డబ్బులొచ్చాయి అని ఊరుకుంటే రేపు ఎవరికైనా గుద్దితే కేసు నీ పేరు మీదికే వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొత్త మోడల్ చూద్దామనే ఆలోచన ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. కడిగి, సీట్లు మార్చి అమ్మకానికి పెడితే చూడగానే తెలీదు. సీటు బెల్టు చివరిదాకా లాగు, ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి మూరలో బురద గీత ఉందేమో చూడు. స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టు, ఒండ్రు తగిలితే వెనక్కి తిరిగి వచ్చేయి, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

మెకానిక్‌కి ఇంకా పని మొదలుపెట్టొద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. శనివారం పొద్దున్న బండి తీసుకుని మెకానిక్ దగ్గరికి నువ్వే రా, నేను బస్సులో వచ్చేస్తాను, లిఫ్ట్ ఖాళీగా ఉంచమను. ఇంతకుముందు చేయించిన రిపేర్ల బిల్లులు ఎన్ని దొరికితే అన్ని తీసుకురా, ముఖ్యంగా క్లచ్ ఇదివరకు ఎప్పుడు మార్చారో ఉన్న బిల్లు.

మావయ్య