అత్తమామలు, ఇద్దరు పిల్లలు, రెండ్రోజుల బుడాపెస్ట్

ప్రశ్న: మేం వియన్నాలో ఉంటాం. మా అత్తగారు, మామగారు తెనాలి నుంచి మొదటిసారి వచ్చారు. వాళ్ళని ఒక వీకెండ్ బుడాపెస్ట్ తీసుకెళ్దామని మావారి ప్లాన్, శుక్రవారం సాయంత్రం ట్రైనెక్కి ఆదివారం రాత్రికి ఇంటికొచ్చేయాలి. ఆయన నెట్లో చూసి 22 ప్లేసులతో ఒక లిస్టు రాశారు, అది చూస్తేనే నాకు నీరసం వస్తోంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు, దారిలో కనపడ్డ ప్రతి బోర్డూ చదివితే గానీ కదలరు. బాబుకి 11, పాపకి 7. అత్తమామలిద్దరివీ సింగిల్ ఎంట్రీ వీసాలు, హంగరీ వెళ్తే మళ్ళీ ఆస్ట్రియాలోకి రానివ్వరేమో అని ఇంకో భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, వియన్నా

జవాబు: వీసా సంగతి ముందు తేల్చేద్దాం, అది మనసులో ఉంటే మిగతాది బుర్రకెక్కదు. హంగరీ 2007 నుంచి ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోనే ఉంది, కాబట్టి వియన్నా నుంచి బుడాపెస్ట్ వెళ్ళొస్తే బయటికి వెళ్ళినట్టు కాదు, సింగిల్ ఎంట్రీ అయినా భయం లేదు. కాకపోతే పాస్‌పోర్టులు ఒరిజినల్సే పట్టుకెళ్ళండి, ఫోన్లో ఫోటో ఉందిలే అనుకోకండి, రైల్లో ఒక్కోసారి అడుగుతారు.

ఇక ఆ 22 లిస్టు. మీవారికి కోపం రాకుండా చెప్పండి గానీ, అది చింపేయాల్సిందే. నేనూ ఇలాంటి లిస్టు పట్టుకునే మా అమ్మావాళ్ళని ఆ ఊళ్ళో తిప్పాను, ఆదివారం మధ్యాహ్నానికి మా అమ్మ ఒక బెంచీ మీద కూలబడి "నేనిక్కడే ఉంటానే, మీరు చూసొచ్చి ఎలా ఉందో చెప్పండి" అంది. అప్పటికి మేం చూసింది తొమ్మిది, వాటిల్లో అమ్మకి గుర్తున్నది ఒకే ఒక్కటి, ట్రామ్. అప్పట్నుంచీ నా పద్ధతి మారిపోయింది, మనిషికి ఒకటి చొప్పున పెట్టుకుంటా. మీ ఇంటికైతే మామగారికి పార్లమెంటు, అత్తగారికి 2 నంబర్ ట్రామ్, పిల్లలకి పిల్లల రైలు. మధ్యలో ఏదన్నా కలిసొస్తే అది బోనస్.

ఊరు ఎలా ఉంటుందో వాళ్ళకి ముందే చెప్పండి, బెజవాడకీ తాడేపల్లికీ మధ్యలో కృష్ణ ఉన్నట్టే ఇక్కడ డాన్యూబ్‌కి ఒక పక్క బుడా, ఇంకో పక్క పెస్ట్. బుడా అంతా కొండలు, పెస్ట్ అంతా చదును. ఇవీ, పైనున్న ఓబుడా, మూడూ వేరేవేరే ఊళ్ళు, 1873లో కలిపి ఒక్కటి చేశారు. మీ అత్తగారికి ఇందులోంచి తేలేది ఒకటే: హోటల్ పెస్ట్ వైపు తీసుకోండి. వియన్నా నుంచి రెండు గంటల నలభై నిమిషాల్లో కెలెతి స్టేషన్‌లో దిగుతారు, అక్కడి నుంచి ఎం2 మెట్రో నేరుగా ఊరి నడిబొడ్డు కూడలి డెయాక్ తేర్‌కీ, పార్లమెంటుకీ, నది కిందుగా బుడా వైపుకీ వెళ్తుంది. ఆ లైనుకి దగ్గర్లో రూమ్ దొరికితే సగం పని అయిపోయినట్టే.

టికెట్ల గురించి ఒక మాట. 14 ఏళ్ళలోపు పిల్లలకి సిటీ బస్సులూ ట్రాములూ ఫ్రీ, వయసు చూపించే కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. 65 దాటిన వాళ్ళకీ ఫ్రీ అని నెట్లో చదివి మీవారు సంబరపడతారేమో, అది యూరప్ పౌరులకి, ఇండియన్ పాస్‌పోర్టుతో మామగారు టికెట్ కొనాల్సిందే. పెద్దవాళ్ళు నలుగురికీ 72 గంటల పాస్ తీసేసుకోండి. విడి టికెట్లయితే మెట్రోకి ఎక్కే ముందు, ట్రాముల్లో బస్సుల్లో ఎక్కగానే మిషన్లో పంచ్ చేయాలి, నేను ఒకసారి కొత్త టికెట్ చేతిలో పట్టుకుని కూడా పంచ్ చేయడం మర్చిపోయి ఫైన్ కట్టాను, తప్పు నాదే, ఆ ఇన్‌స్పెక్టరు పాపం ఎంతో మర్యాదగా రసీదు రాసిచ్చాడు.

శనివారం పొద్దున పార్లమెంటు. టికెట్లు ఇవాళే ఆన్‌లైన్‌లో చూడండి, వీకెండ్ స్లాట్లు ముందే అయిపోతాయి, యూరప్ వాళ్ళకి ఒక రేటు, మనకి అంతకంటే బాగా ఎక్కువ రేటు, ఏడుస్తూ అయినా కట్టాల్సిందే. టూర్ ముప్పావు గంట. లోపల మెట్లు చాలా ఉన్నాయి, కానీ నడవలేనివాళ్ళకి లిఫ్ట్ ఉంది, గేటు దగ్గరే అడగండి, మొహమాట పడొద్దు. గుమ్మటం ఎత్తు 96 మీటర్లు. హంగరీ వాళ్ళ పూర్వీకులు ఈ నేలకొచ్చింది 896లో అని వాళ్ళ లెక్క, వెయ్యేళ్ళ పండగ 1896లో చేసుకున్నారు, అందుకే ఆ 96. దగ్గర్లో ఉన్న సెయింట్ స్టీఫెన్స్ బసిలికా కూడా సరిగ్గా 96 మీటర్లే. పార్లమెంటు కట్టడం 1885లో మొదలుపెడితే 1902కి గానీ పూర్తవలేదు, డిజైన్ చేసిన ఇమ్రే ష్టెయిండ్ల్ పూర్తవడం చూడకుండానే పోయాడు. గుమ్మటం కింద వాళ్ళ రాజుల కిరీటం ఉంటుంది, పైనున్న శిలువ పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, అది విరిగిందేమో అని పాప అడుగుతుంది, ఎప్పుడో వంగింది, అలాగే ఉంచేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ కిరీటం అమెరికా చేతికి పోయి, బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లో ఏళ్ళ తరబడి ఉండి 1978లో తిరిగొచ్చింది. అక్కడ ఫోటోలు తీయనివ్వరు. మామగారికి నచ్చేది మాత్రం ఇంకొకటి ఉంది, సభ బయట కిటికీల దగ్గర వరసగా నంబర్లున్న ఇత్తడి స్టాండ్లు కనపడతాయి, అవి చుట్టలు పెట్టుకోడానికి. సభ్యులు వెలిగించిన చుట్టని అక్కడ పెట్టి లోపలికెళ్ళేవాళ్ళు, లోపల ఉపన్యాసం బాగుంటే బయట చుట్ట ఆసాంతం కాలిపోయేదట. క్లాసులో పిల్లలు నిద్రపోకుండా పాఠం చెప్పిన మనిషికి ఇంతకంటే మంచి కొలత ఏం కావాలి చెప్పండి.

అక్కడి నుంచి నది ఒడ్డునే దక్షిణంగా ఐదారు నిమిషాలు నడిస్తే గట్టు మీద ఇనుప చెప్పులు, బూట్లు కనిపిస్తాయి, 60 జతలు. 1944–45 చలికాలంలో ఆరో క్రాస్ అనే పార్టీ సాయుధులు యూదుల్ని ఈ గట్టు మీద నిలబెట్టి, బూట్లు విప్పించి, నదిలోకి పడేలా కాల్చేశారు. దాని గుర్తుగా 2005లో సినిమా దర్శకుడు జాన్ తొగాయ్, శిల్పి గ్యూలా పావెర్ పెట్టినవి. ఆడవాళ్ళవి, పనివాళ్ళవి, పిల్లలవీ ఉన్నాయి. పాపకి ఏం చెప్పాలో మీ ఇష్టం, బాబుకి మాత్రం తాతగారినే చెప్పమనండి. అక్కడ కొందరు తమ కాలు ఆ బూట్లో పెట్టి ఫోటో దిగుతుంటారు, నాకైతే చూడబుద్ధి కాదు.

తర్వాత 2 నంబర్ ట్రామ్, పార్లమెంటు దగ్గరే ఎక్కండి, నది పక్కనున్న సీటు అత్తగారికి ఇవ్వండి. కొండమీద కోట, గొలుసు వంతెన, పడవలు, అన్నీ కదలకుండా కూర్చుని చూడొచ్చు, బోట్ టూర్ డబ్బులు మిగిలినట్టే. పెద్ద మార్కెట్ దగ్గర దిగిపోండి, 1897 నాటి బిల్డింగు, శనివారం మధ్యాహ్నం దాటాక సర్దేస్తారు, ఆదివారం సెలవు, కాబట్టి ఆలస్యం చేయకండి. పై అంతస్తులో తోపులాట, రేట్లూ ఎక్కువే. కిందికి, బేస్‌మెంటుకి వెళ్ళండి, అక్కడ పచ్చళ్ళ కొట్లున్నాయి, దోసకాయలూ క్యాబేజీ మిరపకాయలూ సీసాల్లో బొమ్మల్లా పేర్చి పెడతారు, నూనె ఉండదు, అంతా వెనిగరే, అత్తగారు పెదవి విరుస్తారు కానీ అరగంట దాకా కదలరు.

ఆ సాయంత్రం ఇంకేం పెట్టుకోకండి. రూముకెళ్ళి పడుకుని, చీకటి పడ్డాక ఎం2లో నది దాటి బట్యానీ తేర్‌లో దిగితే ఎదురుగా పార్లమెంటు లైట్లన్నీ వేసుకుని నీళ్ళలో కనపడుతుంది. ఫ్యామిలీ ఫోటో అక్కడే.

ఆదివారం పొద్దున్నే, తొమ్మిదిలోపే, బుడా కోట ఉన్న కొండకి వెళ్ళడానికి డెయాక్ తేర్‌లో 16 నంబర్ బస్సెక్కండి. కొండెక్కే ఫ్యూనిక్యులర్ రైలు 1870 నాటిది, ముచ్చటగానే ఉంటుంది గానీ క్యూ చాంతాడంత, పైగా విడిగా టికెట్, మీ పాస్ పనికిరాదు. 16 బస్సు అదే గొలుసు వంతెన మీదుగా కొండమీదికి తీసుకెళ్తుంది. 1849లో తెరిచిన వంతెన, 1945లో జర్మన్లు పేల్చేశారు, సరిగ్గా వందేళ్ళకి 1949లో మళ్ళీ తెరిచారు. వంతెన సింహాలకి శిల్పి నాలుకలు చెక్కడం మర్చిపోయాడని ఒక కథ చెప్తారు, నాలుకలున్నాయి, కింద నుంచి కనపడవంతే. పైన మథయాస్ చర్చి కప్పు మీద రంగుల పెంకులు చూడండి, టర్కీ వాళ్ళు ఏలిన నూటయాభై ఏళ్ళూ అది మసీదు. పక్కనే ఫిషర్‌మన్స్ బాస్టియన్, కోటలా ఉంటుంది గానీ కోట కాదు, 1895–1902 మధ్య అందానికే కట్టారు, ఏడు బురుజులు ఏడుగురు తెగ నాయకుల పేరు మీద. పై వరసకి టికెట్ అడుగుతారు, కింద వరస నుంచి కూడా నది అలాగే కనపడుతుంది, కొనొద్దు.

ఇప్పుడు పిల్లల వంతు. కొండమీద అదే 16 బస్సు పట్టుకుని సేల్ కాల్మాన్ తేర్‌లో దిగి, 61 నంబర్ ట్రామ్ ఎక్కి చివరి దాకా వెళ్తే హూవోష్‌వోల్జ్. కొన్ని మెట్లెక్కాలి, అత్తగారిని నిదానంగా నడిపించండి, ఈ రెండ్రోజుల్లో నేనావిడని కష్టపెట్టేది ఇక్కడొక్కచోటే. అక్కడి నుంచి అడవిలో 11 కిలోమీటర్ల చిన్న పట్టాల రైలు, 1948లో మొదలైంది. ఇంజను తోలేది పెద్దవాళ్ళే, మిగతా పనులు మాత్రం 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలవి, టికెట్లు ఇచ్చేది, చెక్ చేసేది, పట్టాలు మార్చేది, సిగ్నల్ చూసేది, అన్నీ వాళ్ళే, యూనిఫారం టోపీలతో. బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి సెల్యూట్ కొడతారు, ఒక్కడు కూడా నవ్వడు. మార్కులు బాగుంటేనే తీసుకుంటారు, డ్యూటీ రోజు బడికి సెలవు. మీ బాబు వయసు సరిగ్గా వాళ్ళ వయసే, టికెట్ వాణ్ణే అడిగి కొనుక్కోమనండి. మావాడు వియన్నా చేరేదాకా నోరెత్తలేదు, ఇంటికొచ్చాక "అమ్మా, మనం బుడాపెస్ట్‌కి మారిపోదామా" అన్నాడు.

ప్రశ్న: మేం ప్యూర్ వెజ్. హంగరీలో అన్నిట్లో మాంసం ఉంటుందట కదా, రైస్ కుక్కర్ తీసుకెళ్ళాలా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: రెండ్రోజులకి కుక్కర్ ఎందుకండీ, పులిహోర ఒక డబ్బా కట్టుకోండి చాలు. కాకపోతే జాగ్రత్త అవసరమే. గులాష్ అంటే అక్కడ కూర కాదు, బీఫ్‌తో చేసే సూపు. వెజిటబుల్ సూపు అన్నా కూడా పంది కొవ్వుతో పోపు పెట్టి ఉండొచ్చు, ఆ కొవ్వుని వాళ్ళు "జీర్" అంటారు, మా నాన్నగారు జీలకర్ర అనుకుని తలూపేశారు, ఆఖరి నిమిషంలో ఆపాం. "హూష్ నేల్కుల్" అంటే మాంసం లేకుండా, "జీర్ నేల్కుల్" అంటే కొవ్వు లేకుండా, ఈ రెండు ముక్కలూ బట్టీ పట్టండి. ఫోజెలేక్ అని ఒకటుంటుంది, పాలకూరతోనో బంగాళాదుంపతోనో బఠాణీ పప్పుతోనో చిక్కగా చేస్తారు, మన పప్పుకి దూరపు చుట్టం, పైన గుడ్డో మాంసం ఉండో పెడతారు, వద్దని ముందే చెప్పాలి. లాంగోష్ అంటే పెద్ద భటూరా లాంటిది, వెల్లుల్లి నీళ్ళు రాసి, పుల్లటి క్రీమూ చీజూ వేసిస్తారు, ఏ నూనెలో వేయించారో అడగండి. పిల్లలకి చిమ్నీ కేక్, కర్రకి చుట్టి నిప్పుల మీద కాలుస్తారు. వేసవైతే చల్లటి పుల్ల చెర్రీ సూపు ఉంటుంది, తియ్యగా, అన్నం ముందు తియ్యటి చారు తాగడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

కారం వాళ్ళకీ ప్రాణమే, పాప్రికా. మిరపకాయ అమెరికా నుంచి మనకి పోర్చుగీసు వాళ్ళతో వస్తే వాళ్ళకి టర్కీ వాళ్ళ దారిన వెళ్ళింది. సెగెద్, కలోచా అక్కడి గుంటూర్లు. సెగెద్‌లో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త విటమిన్ సి ని కుప్పలుగా తీసింది పాప్రికా కాయల్లోంచే, 1937లో నోబెల్ వచ్చింది. ప్యాకెట్ మీద "ఏదెష్" అని ఉంటే తీపి, "చీపోష్" అంటే కారం, రెండోది కొన్నా మనకి రంగుకే పనికొస్తుంది.

ప్రశ్న: పిల్లలు 6, 9 ఏళ్ళవాళ్ళు. సేచేని వేడినీళ్ళ కొలనుకి తీసుకెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రాగ్

జవాబు: కుదరదండీ, పాత వీడియోలు చూసి బట్టలు సర్దుకోకండి. ఆ 1913 నాటి పసుప్పచ్చ భవనంలో ఇప్పుడు 14 ఏళ్ళలోపు పిల్లలకి ప్రవేశం లేదు. వేసవిలో అయితే మార్గరెట్ ద్వీపంలో పాలటినుష్‌కి వెళ్ళండి, పిల్లల కొలనులూ జారుడు బల్లలూ ఉన్నాయి. సేచేని వైపు వెళ్ళే ఎం1 మెట్రో మాత్రం వదలొద్దు, 1896లో వేశారు, యూరప్ ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ రైలు, పసుపు పెట్టెలు బొమ్మ రైల్లా ఉంటాయి, నాలుగు మెట్లు దిగితే ప్లాట్‌ఫారమే.

ప్రశ్న: బుడాపెస్ట్ హోటల్లో నా ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాసి కార్డు ఇచ్చారు. పొరపాటేమో, మార్పించాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అయ్యో, వద్దు! యూరప్ అంతా తిరిగినా మన పేరుని మన వరసలో రాసేది వాళ్ళే. కందుకూరి వీరేశలింగం అని మనం అన్నట్టే వాళ్ళు సేచేని ఇష్ట్వాన్, కొషూత్ లాయోష్ అంటారు, ఇంటిపేరు ముందు. వీధి బోర్డులన్నీ అలాగే ఉంటాయి. మీ కార్డు దాచుకోండి.