మోడల్ ఎస్, లూసిడ్ ఎయిర్: దూర ప్రయాణాలకు ఏది మేలు?
అమెరికాలో టెస్లా మోడల్ ఎస్, లూసిడ్ ఎయిర్ అనే ఈ రెండు ఎలక్ట్రిక్ కార్లలో ఏది కొనాలని అడిగారు. కారుగా చూస్తే నా ఓటు లూసిడ్‌కే. 2022 ఎయిర్‌లో ఒక రకానికి అక్కడి పర్యావరణ సంస్థ ఇచ్చిన రేంజ్, అంటే ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం, 520 మైళ్లు. అంతకుముందు ఏ ఎలక్ట్రిక్ కారూ 500 దాటలేదు.

చిక్కంతా దారిలో ఛార్జింగ్ దగ్గరే. టెస్లా 2012 నుంచే దారుల్లో సూపర్‌ఛార్జర్లనే సొంత వేగపు ఛార్జర్లు పెట్టుకుంటూ వచ్చింది. ప్లగ్ పెడితే చాలు, ఛార్జరే టెస్లా కారును గుర్తుపట్టి ఖాతాలోంచి డబ్బు తీసుకుంటుంది. లూసిడ్ మొదటినుంచీ ఎక్కువగా ఎలక్ట్రిఫై అమెరికా మీద ఆధారపడింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల కాలుష్య మోసం కేసు పరిష్కారంలో భాగంగా పుట్టిన ఛార్జింగ్ సంస్థ అది. దాని 350 కిలోవాట్ల ఛార్జర్లు ఎయిర్‌కు చక్కగా సరిపోతాయి.

2025 నుంచి అడాప్టర్ పెట్టి ఎయిర్‌ను సూపర్‌ఛార్జర్లకూ కలపవచ్చు. అయితే జాగ్రత్త, అక్కడ వేగం 50 కిలోవాట్లే! ఎయిర్ వ్యవస్థ 900 వోల్టులకు పైబడినది, ఆ ఛార్జర్లలో ఎక్కువ భాగం 400 వోల్టుల తరహా కార్లకోసం కట్టినవి. వోల్టేజీని కారే లోపల పెంచుకోవాలి, ఆ పరికరం సత్తా అంతే. ఎయిర్‌లో పెద్ద బ్యాటరీ ఉన్న గ్రాండ్ టూరింగ్ రకాన్ని గంటసేపు నిలబెట్టినా సగం బ్యాటరీ నిండదు. అదే చోట మోడల్ ఎస్ 250 కిలోవాట్ల వరకు అందుకుంటుంది.

మీరు తరచూ వెళ్లే దారిలో 350 కిలోవాట్ల ఛార్జర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపులో చూశాకే బయానా కట్టండి.