ముంపు ఊరి నుంచి కొత్త కాలనీకి మారితే మలేరియా పెరుగుతుందా?

అడిగిన ప్రశ్న: "మాది దేవరకొండ వైపు ఒక తండా. రిజర్వాయర్ ముంపులో పోతోంది. వానాకాలం లోపు కాలనీకి మారమంటున్నారు. ఇలా మారిన ఊళ్లలో మలేరియా ఎక్కువవుతుందని మా బావ అంటున్నాడు. నిజమేనా? మేం ఏం చూసుకోవాలి?"

తమ్ముడూ, మీ బావ మాట కొట్టిపారేసేది కాదు. అయితే ఊరు మారినంత మాత్రాన మలేరియా వచ్చి పడదు. పాత ఊరు సగం ఖాళీ అయి, కొత్త కాలనీ సగమే లేచి ఉండే ఏడాదో రెండేళ్లో ఉంటాయి, అసలు ప్రమాదం అప్పుడు. ఆ కాలం జాగ్రత్తగా దాటితే తర్వాత పెద్ద భయం ఉండదు.

నేను నాగర్‌కర్నూల్ వైపు ఏఎన్ఎంగా చేసి రిటైర్ అయ్యాను. ముంపు ఊళ్ల వాళ్ల కాలనీలు, కాలువ పనుల లేబర్ క్యాంపులు రెండూ నా పరిధిలో ఉండేవి. ఇంటింటికీ జ్వరం సర్వేకి తిరిగి, రక్తం స్లైడ్లు తీసిన అనుభవంతో చెబుతున్నాను.

ముందు నీళ్ల సంగతి. అందరూ రిజర్వాయర్ వైపే వేలు చూపిస్తారు. కానీ లోతుగా ఉండి, గాలికి అలలు లేచే నీళ్లలో దోమ పిల్లలు నిలవలేవు. మన పల్లెల్లో మలేరియాను మోసే అనాఫిలస్ క్యులిసిఫేసిస్ దోమకు కదలని, ఎండ తగిలే, కాస్త శుభ్రమైన నీళ్లు కావాలి. కట్ట కింద ఊట నిలిచే మడుగులు, కాలువ పక్క గుంతలు, రిజర్వాయర్ నీళ్లు వెనక్కి తగ్గాక అంచుల్లో మిగిలే కుంటలు దానికి సరిపోతాయి. కొత్తగా నాటేసిన వరి మడిలోనూ పుడుతుంది, పైరు ఏపుగా పెరిగి నీళ్లకు నీడ పడ్డాక తగ్గుతుంది. మురికి కాలువలో ముసిరే దోమ వేరు, దాన్ని క్యూలెక్స్ అంటారు, అది కుడితే మలేరియా రాదు. అందుకే కాలనీలో మురికి కాలువకు మందు కొట్టేసి మలేరియా పని అయిపోయిందనుకోవద్దు.

కాలనీల్లో అన్నింటికన్నా చెడ్డవి మొరం గుంతలు. రోడ్లకు, పునాదులకు మొరం పక్కనే తవ్వుతారు. కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు, గుంత మిగిలిపోతుంది. నేను చూసిన ఒక కాలనీలో చివరి వరస ఇళ్ల వెనకాలే అలాంటి గుంత ఉండేది. ఆ ఏడు జ్వరాలు ఎక్కువగా ఆ వరసలోనే తేలాయి. పంచాయతీలో అడిగితే అది ప్రాజెక్టు వాళ్ల పని అన్నారు. ప్రాజెక్టు వాళ్లను అడిగితే కాలనీని అప్పగించేశాం అన్నారు. చివరికి కాలనీ వాళ్లే చందా వేసుకుని, ట్రాక్టర్లు కిరాయికి తెచ్చి పూడ్చుకున్నారు. అది వాళ్ల బాధ్యత కాదు, అయినా పిల్లల కోసం చేశారు. మీకు ఆ గతి పట్టకుండా, కాలనీ అప్పగింత కాగితం మీద సంతకాలు కాకముందే గుంతలన్నీ పూడ్చాలని రాతపూర్వకంగా అడగండి.

పూడ్చలేని గుంతలు కొన్ని ఉంటాయి. వాటిలో గంబూసియా చేపలు వదలమని మలేరియా విభాగం వాళ్లను అడగండి, అవి దోమ పిల్లల్ని తింటాయి. గుంతలో ఏ దోమ పెరుగుతోందో మీరే చూడొచ్చు. తెల్లటి గిన్నెతో అంచున నీళ్లు ముంచండి. పురుగు నీటి మీద అడ్డంగా తేలుతుంటే అనాఫిలస్. తలకిందులుగా వేలాడుతుంటే వేరే దోమ. గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండల్లో వారం, పది రోజులు చాలు. మనం ఊళ్లలో వారానికోసారి, శుక్రవారం, నిలవ నీళ్లు పారబోసే డ్రైడే పెట్టేది అందుకే.

ఇక మనుషుల సంగతి. దోమ పుట్టుకతో మలేరియాను తెచ్చుకోదు. ఒంట్లో మలేరియా క్రిమి ఉన్న మనిషిని కుట్టాలి, ఆ క్రిమి దోమ లోపల పది పద్నాలుగు రోజులు పెరగాలి, ఆ తర్వాతే ఇంకొకరికి అంటుతుంది. దోమ కడుపులో ఈ క్రిమిని రోనాల్డ్ రాస్ మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. కాబట్టి మీ కాలనీ పక్క గుంతలో ఎన్ని దోమలున్నా, చుట్టుపక్కల రోగి లేకపోతే మలేరియా లేదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పుడు మలేరియా తక్కువే. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు ఏజెన్సీ వైపే ఎక్కువ. మరి కాలనీకి ఎక్కడి నుంచి వస్తుంది?

రిజర్వాయర్ పనికి, కాలనీ ఇళ్ల పనికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నుంచి కూలీలు వస్తారు. వాళ్లలో కొందరి ఊళ్లలో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. చిన్నప్పటి నుంచి పదే పదే వచ్చి కొంత తట్టుకునే శక్తి వచ్చి ఉంటుంది కాబట్టి, ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. పొద్దున లేచి పనికి పోతారు, రాత్రి రేకుల షెడ్డులో దోమతెర లేకుండా పడుకుంటారు. పక్కనే మీ కాలనీ, మధ్యలో మొరం గుంత. మీ వాళ్లకేమో ఆ తట్టుకునే శక్తి లేదు, అదే మలేరియా మీ పిల్లలకు గట్టిగా తగులుతుంది.

ఇది చదివి ఆ కూలీల మీద కోపం తెచ్చుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ పోయారు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తోలుకుపోయిన చోట మన వాళ్లు కూడా ఇలాంటి షెడ్లలోనే పడుకున్నారు, చలిజ్వరాలతో ఇంటికి తిరిగొచ్చారు. క్యాంపుకు కొత్తగా ఎవరు వచ్చినా జ్వరం ఉన్నా లేకపోయినా రక్తపరీక్ష చేయాలని, వాళ్లకు దోమతెరలు ఇవ్వాలని పీహెచ్‌సీ డాక్టరును అడగండి. వాళ్ల ఆరోగ్యం చూసుకుంటే మీ తండాను చూసుకున్నట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. ఊరు మారే సమయంలో జనం ఎవరి లెక్కలోనూ ఉండరు. పాత ఊరి ఆశా జాబితాలో పేరు తీసేస్తారు, కొత్త చోట ఇంకా ఎక్కరు. పాత ఊరు ఒక మండలం, కాలనీ ఇంకో మండలం అయితే మరీ కష్టం. జ్వరం వస్తే స్లైడ్ తీసేవాళ్లు రారు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఇంజెక్షన్ వేస్తాడు, జ్వరం తగ్గుతుంది, క్రిమి ఒంట్లోనే ఉంటుంది, దోమలకు అందుతూనే ఉంటుంది.

ఒక పెద్దాయనకు వైవాక్స్ అనే రకం మలేరియా తేలింది. దానికి మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ వేసుకోవాలి. వైవాక్స్ క్రిమి కాలేయంలో నిద్రపోయినట్టు దాగి ఉంటుంది, దాన్ని చంపేది ఆ పద్నాలుగు రోజుల మాత్రలే. ఆయనకు మూడో రోజుకు జ్వరం పోయింది. అంతలో సామాన్లకు లారీ వచ్చింది. దూలాలు, తలుపులు, గింజల బస్తాలు ఎక్కించే హడావిడిలో మాత్రల ప్యాకెట్ ఎక్కడో పోయింది. కొత్త కాలనీలో ఆయన పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు, అడిగేవాళ్లు లేరు. కొన్ని నెలలకు మళ్లీ చలి, వణుకు. ఈసారి ఆయన మనవడికీ వచ్చింది. తప్పు ఆయనది కాదు. ఇల్లు కూలుతుంటే మాత్రలు ఎవరికి గుర్తుంటాయి? ఆ పద్నాలుగు రోజులు ఆయన వెంట నడిచే మనిషి ఒకరు ఉండాల్సింది.

అందుకే మీకు నేను చెప్పే మొదటి పని ఇది. కదిలే ముందే, ఇంటి వారీగా పేర్లు, వయసులు, గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు, మందులు వాడుతున్నవాళ్ల జాబితా రాసి, ఒక కాపీ పాత ఆశాకు, ఒకటి కొత్త సబ్ సెంటర్ ఏఎన్ఎంకు చేతిలో పెట్టండి. మీ తండా నుంచి చదువుకున్న ఒక అమ్మాయి ఈ పని పెట్టుకుంటే చాలు.

ఇల్లు సగం కట్టి ఉన్నప్పుడు తలుపులు, కిటికీలు ఉండవు, జనం బయటే పడుకుంటారు. రేకులు, టార్పాలిన్ కప్పుకున్న గుడారానికి దోమల మందు స్ప్రే కొట్టడానికి గోడ ఏది? అప్పుడు దోమతెరే దిక్కు. ఈ అనాఫిలస్ రాత్రి కుట్టే దోమ కాబట్టి తెర బాగా పనిచేస్తుంది. మందు పట్టించిన తెరలు మూడేళ్ల దాకా ఉంటాయి, ఎండలో కాకుండా నీడలో ఆరేయండి. ఇల్లు పూర్తయ్యాక స్ప్రే చేస్తే, వెంటనే పండగని సున్నం వేయకండి, మందు గోడ మీద ఉంటేనే దోమ చస్తుంది. పశువుల విషయం కూడా ఉంది. ఈ దోమకు మనిషి కన్నా పశువు రక్తమే ఎక్కువ ఇష్టం. కాలనీ ప్లాటులో కొట్టానికి చోటు లేక ఎడ్లను, ఆవుల్ని మంచం పక్కనే కట్టేస్తే దోమల్ని పిలిచి ఇంట్లోకి తెచ్చుకున్నట్టే. అందరికీ కలిపి కాలనీ అంచున కొట్టం అడగండి.

మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ వైపు. శ్రీశైలం ప్రాజెక్టులో పోయింది. 1981 వేసవి చివర్లో, వానలు పడే ముందే ఇళ్లు కూల్చి ఖాళీ చేయించారు. ఆ వానాకాలం అమ్మమ్మ వాళ్లు రోడ్డు పక్క గుడిసెల్లో గడిపారు, ఇంటింటికీ చలిజ్వరం అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇథియోపియాలో 1984-85 కరువులో చల్లటి కొండల మీది జనాన్ని పడమటి పల్లపు ప్రాంతాలకు తరలించినప్పుడు మలేరియాతో చాలామంది పోయారు. శ్రీలంకలో మహావేలి ప్రాజెక్టు కింద మలేరియా ఉన్న పొడి ప్రాంతానికి రైతులను తెచ్చి పెట్టినప్పుడూ జ్వరాలు విరుచుకుపడ్డాయి. అదే శ్రీలంక ఊరూరా పరీక్షలు, చికిత్స పట్టుబట్టి చేసి 2016లో మలేరియా లేని దేశమైంది. అంటే ఇది చేయగలిగిన పనే.

చట్టం కూడా మీ వైపే ఉంది. భూసేకరణ 2013 చట్టం కింద జరిగితే, దాని మూడో షెడ్యూల్ ప్రకారం డ్రైనేజీ, పారిశుధ్యం పనులు జనాన్ని తరలించకముందే పూర్తి కావాలి. 2 కిలోమీటర్ల లోపు సబ్ సెంటర్ ఉండాలి. పశువులకు తాగునీరు, మేతభూమి కూడా అందులో ఉన్నాయి. సాగునీటి ప్రాజెక్టు అయితే, ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తి చేయాలి. వానాకాలం నెత్తిమీద పెట్టుకుని కదలమంటే గ్రామసభలో ఈ మాటలే అడగండి, తీర్మానంలో రాయించండి. వీలైతే కదలడం వానలు పోయాక పెట్టుకోండి.

ఇంకో మాట. కాలనీలో నల్లా సరిగ్గా రాక డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెట్టుకుంటే మలేరియా కన్నా ముందు డెంగీ వస్తుంది. ఆ దోమ పగలు కుడుతుంది. డ్రమ్ములకు మూత ఉండాలి, వారానికోసారి రుద్ది కడగాలి.

జ్వరం ఎవరికి వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి, కిట్టుతో పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలుతుంది. ప్రైమాక్విన్ గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఇవ్వకూడదు. మాత్రలు వేసుకుంటుండగా మూత్రం నల్లగా వస్తే ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. జ్వరంతో పాటు ఫిట్స్, మగత, ఊపిరి ఆయాసం, వాంతులు ఆగకపోవడం ఉంటే సబ్ సెంటర్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.